నడుం విరిగిన రిజిస్టరు

ఆ కాగితం మీద ఏడు పనులు రాసి ఉన్నాయి.

ఒకటి: నర్సు అమ్మాయి వెరిఫికేషను. రేపు ఐదింటిలోగా ఆసుపత్రికి చేరాలి.
రెండు: పుట్టిన తేదీ తప్పు పడిన కుర్రాడి ఆర్డరు కాపీ ఫైల్లో పెట్టాలి.
మూడు: 22కి నడుం కుట్టించాలి. బైండరు అన్నయ్యకి కబురు.
నాలుగు: కొడుకు టి.సి. కోసం రాసిన తల్లికి జవాబు. రెండోసారి అడిగింది, పాపం.
ఐదు: అద్దాలకి స్క్రూ.
ఆరు: ఆరు నెలలుగా ‘రికార్డు లేదు’ అని పంపిన జవాబులన్నీ తీసి మళ్ళీ చూడాలి.
ఏడు: తమ్ముడితో మాట్లాడాలి. గట్టిగా అనకూడదు.

రెండు, మూడు, నాలుగు పక్కన నీలం సిరాతో టిక్కులున్నాయి. మిగతా నాలుగింటి పక్కన ఏమీ లేదు. ఈ కాగితం రాసినావిడ ముందురోజు మధ్యాహ్నం మూడుంబావుకి ఆసుపత్రిలో చనిపోయింది.

ఆవిడ యూనివర్సిటీ రిజిస్ట్రారు ఆఫీసులో, రికార్డు సెక్షనుకి పెద్ద గుమస్తా. ముప్ఫై ఒక్క ఏళ్ళు అదే గది, అదే బల్ల. ఆఫీసంతా ఆవిణ్ణి పెద్దక్క అనేది. పదకొండేళ్ళ కిందట వానకి మా ఇంటి కప్పు కూలి నా మార్కుల కాగితాలన్నీ మట్టిలో కలిసిపోయినప్పుడు, మా నాన్న తాపీపని మానుకుని నన్ను వెంటబెట్టుకుని ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఆ చదువుకి సాక్ష్యం లేకుండా పోయిందని మా నాన్న కిటికీ చువ్వ పట్టుకుని ఏడ్చాడు. “ఏడవకండి. కాగితం పోతే చదువు పోదు. అది నా దగ్గర రాసుంది” అందావిడ. రెండు గంటల్లో నా పేరున్న పేజీ వెతికి తీసింది.

అందుకే ఈ కేసులో నా మనసు ఎటు మొగ్గుతుందో ముందే చెప్పేస్తున్నాను. 

నేను డిటెక్టివునే, కాని నా దగ్గర తుపాకీ లేదు. ఉద్యోగంలో చేరేవాళ్ళు చూపించే సర్టిఫికెట్లు అసలువో నకిలీవో కంపెనీల తరఫున తేల్చడం నా పని. ఈసారి ఆ పని ఒక ఆసుపత్రి అప్పగించింది. వాళ్ళ దగ్గర కొత్తగా చేరిన నర్సు డిగ్రీ వివరాలు యూనివర్సిటీ కంప్యూటర్లో కనపడలేదు. పెద్దక్క పోయిన మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా యూనివర్సిటీ నుంచి ‘ఈమె పాసయింది’ అని కాగితం రావాలి. రాకపోతే ఉద్యోగం పోవడమే కాదు, నకిలీ పత్రం పెట్టిందని కేసు.

ముందురోజు 12.50కి పెద్దక్క నాకు ఫోను చేసింది. “తమ్ముడూ, నీ నర్సు అమ్మాయి పాసే. నా కళ్ళతో చూశాను. రేపు పొద్దున్నే రా, కాగితం చేతిలో పెడతా. ఏమైనా తినేసి రా. మా క్యాంటీను టీ ఖాళీ కడుపున తాగితే నా పూచీ లేదు.”

నేను తినే వెళ్ళాను. పది గంటలకి వెళ్ళేసరికి రికార్డు గది గుమ్మంలో పోలీసులున్నారు.

*

గది బయట బల్ల మీద నర్సు అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి మందు వాసన ఇంకా పోలేదు.

“అన్నా, లోపల రెండు పేజీలు లేవంటున్నారు. అందులో నా పేరుందట. నేను నాలుగేళ్ళు చదివానన్నా. ఆ చదువు ఎక్కడికి పోతుంది?”

నేను లోపలికి వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు పెద్దక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఇద్దరికీ పాత పరిచయమే. రెండేళ్ళ కిందట ఒక నకిలీ సర్టిఫికెట్ల కేసులో ఆయన పట్టుకున్నవాడు దొంగ కాదని నేను తేల్చాను. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు.

“రావయ్యా కాగితాల డాక్టరూ. పోస్టుమార్టం చేస్తావా? శవం ఇదిగో” అని బల్ల మీదున్న లావుపాటి రిజిస్టరు చూపించాడు. ఊడి వేలాడుతున్న వీపు మీద 22 అని అంకె.

“ఏం జరిగింది సార్?”

“చెప్పడానికేముంది. మీ పెద్దక్క నిన్న భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు నిచ్చెన ఎక్కింది. జారి పడింది. రెండింటికి అటెండరు వచ్చి చూశాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, పోయింది. అంతవరకూ ప్రమాదమే. కాని ఈ రిజిస్టర్లో రెండు కాగితాలు మాయం, నూట పదిహేడు నుంచి నూట ఇరవై దాకా. తాళాలు ఎవరి దగ్గరుంటాయి? ఆవిడ దగ్గర. అంటే ఎవడికో అమ్ముకుంది, బయటపడుతుందని తెలిసి సర్దడానికి ఎక్కింది. రిజిస్ట్రారు గారికి ఐదింటికి రిపోర్టు ఇచ్చేస్తాను. ఆయన సంతకం పెడతారు. అయిపోయింది.”

“ఐదింటికేనా?”

“ఏం, నీకేమైనా ముహూర్తం ఉందా?”

నేను రిజిస్టరు తెరిచాను. నూట పదహారో పేజీ తర్వాత నూట ఇరవై ఒకటి. మధ్యలో చించిన అంచు లేదు. బ్లేడు పెట్టిన గీత కూడా లేదు. కుట్టిన దారం మాత్రం జాగ్రత్తగా విప్పి, మళ్ళీ ముడి వేసి ఉంది.

“సార్, దొంగ దారం విప్పి, ముడి వేసి పోతాడా?”

“తీరిగ్గా చేసింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం మరి.”

“ఈ రిజిస్టరు మీకు ఎక్కడ దొరికింది? ఆవిడ పక్కన పడుందా?”

“లేదు. ర్యాకులో, దాని చోట్లోనే ఉంది. మూడో వరస, రెండో అర. నా చేత్తో తీశాను.”

“పడుకోబెట్టి ఉందా, నిలబెట్టి ఉందా?”

ఆయన నవ్వాడు. “పుస్తకం పడుకుంటే ఏమిటి, కూర్చుంటే ఏమిటి? నిలబెట్టే ఉంది.”

నాకు నవ్వు రాలేదు. మూడో వరసకి వెళ్ళి చూశాను. ర్యాకుల్లో రిజిస్టర్లన్నీ సిపాయిల్లా నిలబడి ఉన్నాయి. వీపు ఊడినవి మాత్రం, లెక్కపెడితే పదకొండు, అడ్డంగా పడుకుని ఉన్నాయి. ఇరవై రెండు చోటు నా ఛాతీ ఎత్తులో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

“సార్, దీన్ని తియ్యడానికి నిచ్చెన ఎందుకు?”

ఇన్‌స్పెక్టరు అర ఎత్తు కొలిచినట్టు చూశాడు. “ఇంకోటేదో తియ్యడానికి ఎక్కుంటుంది” అన్నాడు. కాని గొంతులో ఇందాకటి బిగువు లేదు.

*

ఆవిడ పడిన చోట సుద్దతో గీసిన గుర్తు ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. నిచ్చెనని పోలీసులు ఎత్తి గోడకి చేరేశారు. దాని రెండు కాళ్ళలో ఒకదానికి రబ్బరు తొడుగు లేదు. లాగితే గచ్చు మీద గీత పడుతుంది. అలాంటి గీత ఒకటి గోడ దగ్గర మొదలై, సుద్ద గుర్తు పక్కన ఆగింది.

నా భూతద్దం కాలేజీ రోజుల్లో కొన్నది. దానితో గీతంతా చూసుకుంటూ వెళ్ళాను. చివరి జానెడులో గీత మెరుస్తోంది. గాజు పొడి. నిచ్చెన కాలి ఇనుప అంచుకి కూడా అదే పొడి.

“ఆవిడ కళ్ళద్దాలు ఎక్కడున్నాయి?”

కానిస్టేబులు ప్లాస్టిక్ సంచి చూపించాడు. ఫ్రేము ఒక పక్క వదులైపోయింది. ఒక అద్దం ముక్కలయింది.

“సార్, ఇలా చూడండి. ఆవిడ నిచ్చెన మీంచి పడుంటే ముందు నిచ్చెన వచ్చి నిలబడాలి, తర్వాత అద్దాలు పగలాలి. ఇక్కడ పగిలిన అద్దం మీంచి నిచ్చెనని లాగారు. అంటే ఆవిడ పడ్డాక నిచ్చెన వచ్చింది. ఆవిడ తీసుకురాలేదు.”

ఇన్‌స్పెక్టరు వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి, “అటెండరు లాగుంటాడు, ఆవిణ్ణి ఎత్తేటప్పుడు” అన్నాడు.

“అడుగుదాం.”

అటెండరుది రిటైరు కాబోయే వయసు. అందరికీ బాబాయి. కళ్ళు వాచి ఉన్నాయి. భుజం మీది తుండుతో మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు.

“బాబాయ్, నిచ్చెన నువ్వు కదిపావా?”

“లేదు బాబూ. నే వచ్చేసరికి పెద్దక్క పక్కన అడ్డంగా పడుంది. దాన్ని దాటుకుని వెళ్ళి పట్టుకున్నా. అయినా పెద్దక్క నిచ్చెన ఎక్కడమేంటి? మోకాళ్ళు అరిగిపోయి ఆరేళ్ళయింది. పైవి కావాలంటే నన్నే కేకేసేది. ‘బాబాయ్, చెట్టెక్కు’ అనేది. నేను కోతికొమ్మచ్చులాడే వయసులో ఉన్నట్టు.” నవ్వబోయి, ఆపుకోలేక ఏడ్చాడు. “ఊపిరుందయ్యా అప్పటికి. డాక్టరు అడిగాడు, ముప్పావుగంట ముందు ఎందుకు తీసుకురాలేదని. నేనేం చెప్పను? నేను క్యాంటీన్లో పెరుగన్నం తింటున్నానని చెప్పనా?”

ఆయన తేరుకునేదాకా ఆగాను.

“రిజిస్టరు ర్యాకులోంచి తీస్తే ఇక్కడ పద్ధతేమిటి బాబాయ్?”

“బదులు చీటీ పెట్టాలి. అట్టముక్క. ఏ నంబరు, ఎవరు తీశారు, ఎన్నింటికి అని రాసి, రిజిస్టరు ఉన్నచోట దూర్చాలి. తిరిగి పెట్టేటప్పుడు చీటీ తీసి అదిగో, ఆ చువ్వకి గుచ్చాలి. రిజిస్ట్రారు గారొచ్చి తీసినా అంతే. లోపలి కాగితం ఒక్కటి బయటికి పోయినా ఎక్కడికి పోయిందో రాసి దాని చోట్లో చిన్న చీటీ పెట్టాల్సిందే. పెద్దక్క రూలు.”

బల్ల మీద చువ్వకి గుచ్చిన చీటీల్లో అన్నిటికన్నా పైన ఉంది ఇరవై రెండుది. తీసిన వేళ 11.10. పెద్దక్క సంతకం.

“మరి వీపు ఊడిన రిజిస్టరుని ఎలా పెట్టాలి?”

“పడుకోబెట్టాలి. నిలబెడితే కాగితాలు జారిపోతాయి. ‘నడుం విరిగినదాన్ని నిలబెడతావేంటి బాబాయ్, నీకు నడుం నొప్పి తెలీదా’ అని మొదట్లో నన్ను ఒకటే దులిపేది.”

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. “సార్, ఇరవై రెండుని నిన్న చివరగా ర్యాకులో పెట్టినవాళ్ళకి బదులు చీటీ సంగతి తెలుసు. తీసి చువ్వకి గుచ్చారు. అంటే బయటివాళ్ళు కాదు. కాని నడుం విరిగినవాటిని పడుకోబెట్టాలని తెలీదు. అంటే పెద్దక్క కాదు, బాబాయీ కాదు. ఈ సెక్షన్లో పనిచేస్తూ, రోజూ చీటీల మీద సంతకం పెడుతూ, ఒక్క రిజిస్టరు కూడా తన చేత్తో ర్యాకులో పెట్టని మనిషి ఎవరు బాబాయ్?”

బాబాయి తుండుతో ముక్కు తుడుచుకుంటూ పక్క తలుపు వైపు చూశాడు. తలుపు అవతల చిన్న గదిలోంచి కీబోర్డు టకటకలు వినిపిస్తున్నాయి. అవి ఉన్నట్టుండి ఆగిపోయాయి.

*

అతన్ని ఆఫీసులో అందరూ కీబోర్డు అనే పిలుస్తారు. పాత రిజిస్టర్లన్నీ స్కాను చేసి కంప్యూటర్లోకి ఎక్కించడానికి రెండేళ్ళ కిందట కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ముప్ఫై దాటని మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. బల్ల మీద స్టీలు డబ్బా, మూత తియ్యకుండా ఉంది.

“రిజిస్టర్లు నీ దగ్గరికి ఎలా వస్తాయి?”

“ట్రాలీ మీద, సార్. బాబాయి తెస్తాడు, బాబాయే తీసుకెళ్తాడు.”

“నిన్న ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఎక్కడున్నావు?”

“క్యాంటీన్లో.”

“డబ్బా తెచ్చుకుని క్యాంటీనుకా?”

“టీకి వెళ్ళాను.”

“గంటసేపు టీ తాగావా? ఇక్కడి టీ అంత బాగుంటుందా?”

నేను రిజిస్ట్రారు సంతకం కోసం పెట్టిన ఫోల్డరు తెరిచాను. అందులో మొదటి కాగితమే నర్సు అమ్మాయిది. ‘పై హాల్ టికెట్టు నంబరు గల అభ్యర్థి రికార్డు మా కార్యాలయంలో లేదు.’ అడుగున చిన్న అక్షరాల్లో, ప్రింటరు తనంతట తానే వేసుకునే తేదీ, వేళ. 1.24.

“ఇది నువ్వు ప్రింటు తీసిందేనా?”

“అక్క తియ్యమంది సార్.”

“ఎప్పుడు?”

“పొద్దున్న... పదకొండుకో, పన్నెండుకో.”

“ఒంటిగంటకి పది నిమిషాల ముందు అక్క నాకు ఫోను చేసి అమ్మాయి పాసయిందని చెప్పింది. పాసయిందని తెలిసిన మనిషి రికార్డు లేదని ఎందుకు రాయమంటుంది?”

“నాకేం తెలుసు సార్! నేను టైపు కొట్టేవాణ్ణి. పైవాళ్ళు ఏం చెప్తే అది.”

ఇన్‌స్పెక్టరు అడ్డం వచ్చాడు. “ఎంత ఇచ్చారు నీకు? పేజీలు మాయం చెయ్యమని ఎవడిచ్చాడు?”

“ఎవరూ ఇవ్వలేదు సార్. పైసా ఎవరూ ఇవ్వలేదు. మా అమ్మ మీద ఒట్టు.”

ఆ మాట నిజమని నాకు అనిపించింది. అబద్ధం ఆడేటప్పుడు నేల చూసినవాడు ఈ మాట అన్నప్పుడు నా కళ్ళలోకి చూశాడు. ఇన్‌స్పెక్టరు దీన్ని బేరం అనుకుంటున్నాడు. ఇందులో బేరం లేదు. మరి ఏముంది?

అప్పుడే రిజిస్ట్రారు గారు ఇన్‌స్పెక్టరుని పిలిపించారు. ఆయన వెళ్తూ నన్ను వరండాలోకి లాగాడు.

“చూడు డాక్టరూ. నువ్వు చెప్పింది వింటే వీడే అక్కడున్నాడు, ఒప్పుకుంటాను. కాని పేజీలు లేవు. పేజీలు లేనంతకాలం మీ పెద్దక్క దొంగే, బయట కూర్చున్న అమ్మాయి దొంగే. వీడు మహా అయితే వాటాదారు. ఐదింటిలోగా పేజీలు చూపించు, నా రిపోర్టు నేనే చించేస్తా. చూపించలేకపోయావనుకో, ఇంకెప్పుడూ నా కేసులో వేలు పెట్టకు.”

“అలాగే సార్.”

“ముసలావిడ మీద నీకున్న గౌరవం నాకు తెలుసయ్యా. గౌరవం సాక్ష్యం కాదు.”

అందులో తప్పేమీ లేదు. అందుకే మరీ బాధేసింది.

*

ఒంటిగంటకి గంట కొట్టారు. నేను పెద్దక్క బల్ల దగ్గరే ఉండిపోయి, పొద్దున్న ఆ బల్ల మీద చూసిన ఏడు పనుల కాగితాన్ని మళ్ళీ చదివాను. ఏడోది నన్ను పొద్దుట్నుంచీ వేధిస్తోంది. ఆవిడకి తోడబుట్టినవాళ్ళు లేరు. ఆఫీసులో సగం మంది ఆవిడకి తమ్ముళ్ళే. నేనూ తమ్ముణ్ణే.

కాని ఆరోది చూడండి. ‘రికార్డు లేదు’ జవాబులన్నీ మళ్ళీ చూడాలి. ఫైలు తీశాను. ఆరు నెలల్లో అలాంటివి మూడు. మూడు హాల్ టికెట్టు నంబర్లూ నర్సు అమ్మాయి నంబరుకి ఇరవై, ముప్ఫై తేడాలో ఉన్నాయి. అంటే అందరూ ఒకే పేజీలోనో, పక్క పేజీలోనో ఉండాలి. ఒక బేరగాడు నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళ చదువుని ఒకేసారి చెరపడు. ఇది దొంగతనం కాదు. పొరపాటు.

ఎలాంటి పొరపాటు? ఇరవై రెండుని మళ్ళీ తెరిచాను. నూట పదహారో పేజీ అంచున తడి మరక. కప్పు కారి, ఎండి, పసుపుగా మారిన మరక. తడిసిన కాగితాలు ఏమవుతాయో మా ఇంటివాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతుక్కుపోతాయి. రెండు కాగితాలు ఒకటవుతాయి. లోపలి రెండు పేజీలు ఎవరికీ కనపడవు. స్కాను చేసేవాడు నూట పదిహేడు తీస్తాడు, తిప్పి నూట ఇరవై తీస్తాడు. మధ్యలో నలభై మంది ఉండిపోతారు.

అతుక్కున్న కాగితాలని ఎవరు విడదీస్తారు?

మూడో పని. ‘బైండరు అన్నయ్యకి కబురు.’ పక్కన టిక్కు.

దారం విప్పి ముడి వేసింది పెద్దక్కే. కాగితాలు బయటికి పోతే వాటి చోట్లో చిన్న చీటీ ఉండాలి కదా. రిజిస్టర్లో అది లేదు. ఎవరో తీశారు. తీసినవాడికి కాగితాలు ఎక్కడున్నాయో నిన్ననే తెలుసు, వెళ్ళే వీలు దొరకలేదంతే.

లేచి పక్క గదిలోకి పరిగెత్తాను. కుర్చీ ఖాళీ. డబ్బా అలాగే ఉంది.

“కీబోర్డు ఎటెళ్ళాడు?” అని బయట కానిస్టేబులుని అడిగాను.

“బాత్రూముకి అన్నాడు సార్. పావుగంటయింది.”

*

బైండరు షెడ్డు పరీక్షల భవనం వెనకాల ఉంది. నేను పరిగెత్తుతుంటే నర్సు అమ్మాయి కూడా వెనకే వచ్చింది, ఫోల్డరు గుండెకి హత్తుకుని. వద్దనడానికి ఊపిరి లేదు.

దారంతా ఒకటే ఆలోచన. అగ్గిపుల్ల చాలు. ఒక్క నిమిషం చాలు. నలభై మంది చదువు బూడిదవుతుంది.

షెడ్డు తలుపు తీసే ఉంది. బైండరు ముసలాయన, చెవులు సరిగా వినపడవు. జిగురు గిన్నెలో కుంచె ముంచి ఏదో అట్టకి రాస్తున్నాడు. అతని ఎదురుగా నేల మీద కీబోర్డు కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య తల. చేతిలో నలిగిన చిన్న చీటీ.

బల్ల మీద రెండు అద్దం పలకల మధ్య, పల్చని గుడ్డ పరిచి, రెండు కాగితాలు ఆరుతున్నాయి. విడివిడిగా.

నర్సు అమ్మాయి నన్ను దాటుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. వేలు తగలకుండా గాల్లోనే పై నుంచి కిందికి వరసలు చూసుకుంటూ పోయింది. పదమూడో వరస దగ్గర ఆగింది. అలాగే నిలబడి ఉంది.

“ఎవరు నాయనా మీరంతా?” అన్నాడు బైండరు గట్టిగా. “చెల్లెమ్మ రాలేదేం? పొద్దున్న పదకొండింటికల్లా వచ్చి తీసుకెళ్తానంది. నిన్న తన ముందు మూల కాస్త విప్పి ఆ అమ్మాయి వరస చూపించా, మిగతాదంతా ఆవిరి పట్టి, అంచుకి అంచు, ఒక్క అక్షరం పోకుండా విడదీశానని చెప్పండి. ఈ తమ్ముడొచ్చాడు తీసుకెళ్తానని. చెల్లెమ్మ చేతికే ఇస్తానన్నాను. అప్పట్నుంచి ఇక్కడే కూలబడ్డాడు.”

ఆయనకి ఎవరూ చెప్పలేదు. పరీక్షల భవనం వెనక ఒక షెడ్డు ఉందని, అందులో ఒక మనిషున్నాడని ఎవరికీ గుర్తు రాలేదు.

నేను కీబోర్డు పక్కన కూర్చున్నాను. “ఏం జరిగింది?”

“అక్క పిలిచింది. పేజీలు అతుక్కున్నాయి, మూడు జవాబులు తప్పు పోయాయి, రిజిస్ట్రారు గారికి రాయాలి అంది. నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోతుంది సార్. మా ఇంట్లో ఉద్యోగం ఉన్నది నాకొక్కడికే. ఇంకో నెల ఆగక్కా అన్నాను. ‘ఆ అమ్మాయికి రేపే గడువురా’ అంది. రిజిస్టరు లాక్కోబోయాను. అక్క వదల్లేదు. గట్టిగా లాగాను, అంతే. వెనక్కి పడి ర్యాకు మూల తగిలింది.”

“తర్వాత?”

“కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది. నీళ్ళు అంది.” చేతిలో చీటీని ఇంకా నలిపాడు. “అక్క నీళ్ళడిగితే, నేను నిచ్చెన తెచ్చాను సార్.”

బైండరు మా పెదాల వైపు చూస్తున్నాడు. ఏం అర్థమైందో ఏమో, కుంచె కింద పెట్టాడు.

“మరి ఇప్పుడు ఈ కాగితాలు ఎందుకు లాక్కుపోలేదు? ముసలాయన నిన్ను ఆపగలడా?”

కీబోర్డు ముసలాయన వైపు చెయ్యి చూపించాడు. “అడగండి. నాతో ఏం చెప్పాడో అడగండి.”

నేను బైండరు చెవి దగ్గర గట్టిగా అడిగాను.

“ఏముంది నాయనా, చెల్లెమ్మ నిన్న అన్న మాటే. కాగితాలిచ్చేటప్పుడు నేనే అన్నాను, ఆ స్కాను కుర్రాడు ఎంత గుడ్డివాడమ్మా, నాలుగు పేజీల్లో రెండు మింగేశాడు, పై వాళ్ళకి చెప్పి పీకించు అని. చెల్లెమ్మ నన్నే కసిరింది. ‘వాడిదేం తప్పన్నయ్యా, అతుక్కున్న కాగితం మిషనుకేం కనపడుతుంది? కప్పు కారిన ఏడే నేను విప్పి చూసుకోవాల్సింది. అలాగే రాసి సంతకం పెట్టాను. వాడికి కాంట్రాక్టు పొడిగించమని కూడా రాశాను’ అంది. ఇదిగో, రిజిస్ట్రారు గారికి రాసిన ఉత్తరం. కాగితాలతో కలిపి పైకి పంపుతా, నీ దగ్గర ఉంచు అని ఇచ్చింది.”

ఆయన డ్రాయరు లాగి కవరు నా చేతికిచ్చాడు. నీలం సిరా. ‘పొరపాటు పూర్తిగా నాది’ అని మొదలైంది.

ఆ మాట చెప్పడానికే ఆవిడ అతన్ని పిలిచింది. గట్టిగా అనకూడదని ముందే కాగితం మీద రాసుకుంది. చివరిదాకా చెప్పనిచ్చి ఉంటే, నిన్న సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్ళు.

గుమ్మంలో నీడ పడింది. ఇన్‌స్పెక్టరు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. జేబులోంచి తన రిపోర్టు తీసి, రెండుగా, నాలుగుగా చించి, జిగురు గిన్నె పక్కన పెట్టాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత కీబోర్డు భుజం మీద చెయ్యి వేసి, “లే నాయనా” అన్నాడు. ఆయన నోట అంత మెత్తని మాట నేను మళ్ళీ వినలేదు.

బైండరుకి చెప్పే పని నాకు మిగిలింది. చెవి దగ్గర గట్టిగా చెప్పాల్సి వచ్చింది. కొన్ని మాటలు గట్టిగా చెప్పకూడదు.

*

4.40కి రిజిస్ట్రారు గారు కొత్త జవాబు మీద సంతకం పెట్టారు. ‘అభ్యర్థి ఉత్తీర్ణురాలైనది.’ 4.52కి ఆసుపత్రి అందినట్టు తెలిపింది. నర్సు అమ్మాయి ఆ కాపీని ఫోల్డర్లో పెట్టుకుని, పెద్దక్క కుర్చీ వెనక కాసేపు చెయ్యి వేసి నిలబడి, డ్యూటీకి వెళ్ళిపోయింది.

నేను ఏడు పనుల కాగితం తీసి ఒకటో దాని పక్కన టిక్కు పెట్టాను. ఆరోది మొదలుపెట్టాను. తప్పు జవాబు అందుకున్న ముగ్గురిలో ఇద్దరు ఫోన్లో దొరికారు. ఒకాయన నర్సింగు బడిలో పంతులు ఉద్యోగం పోయి కొట్లో పొట్లాలు కడుతున్నాడు. ఒకావిడ ఫోనులోనే ఏడ్చింది. మూడో మనిషి నంబరు పనిచెయ్యడం లేదు. ఇచ్చిన చిరునామాలో ఇంటివాళ్ళు ఒకటే మాట చెప్పారు: “నకిలీ సర్టిఫికెట్టని పేపర్లో వేశాక, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. నాలుగు నెలలైంది.” ఆరో పని పక్కన నేను టిక్కు పెట్టలేదు. అతన్ని వెతికి, ఈ కాగితం చేతిలో పెట్టేదాకా పెట్టను.

ఐదోది, ఏడోది ఇక ఎవరూ చెయ్యలేరు.

ఒక్కటి అడుగుతాను. మీ ఇంట్లో బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో మార్కుల కాగితం ఉంటే ఒకసారి బయటికి తీయండి. మీ పేరు, మీ మార్కులు కాదు, అడుగున ఎడమ మూల చూడండి. ‘సరిచూసినవారు’ అని ఉంటుంది. దాని మీద ఎవరూ చదవలేని పొడి సంతకం ఒకటి ఉంటుంది. మీ చదువు నిజమని పూచీపడిన మనిషిది అది. ఆ సంతకం ఎవరిదైనా సరే, దాన్ని చూసినప్పుడు మా పెద్దక్కని ఒక్కసారి తలుచుకోండి.